సూదుల డబ్బాలో చీజ్‌కేక్

“గాలితోని వంట అయితదా? అయ్యేదుంటే ఆ గిన్నె తీస్కపోయి మిద్దె మీద పెట్టు పిల్లా. ఈ దేశపు గాలికి కరెంటు లేకుంటనే ఉడుకుతది.”

“అత్తమ్మా, గాలి ముచ్చట తర్వాత. ముందుగాల నీ సూదుల డబ్బా ఇయ్యి.”

“ఇయ్య. అండ్ల నా దారాలున్నయి, గుండీలున్నయి.”

“గుండీలు గ్లాసుల పోసుకో. ఇంట్ల ఉన్న గిన్నెలన్ని పెట్టి చూసిన. ఒకటి పొడుగైతే ఒకటి వెడల్పు. నీ డబ్బా ఒక్కటే ఈ ఎయిర్ ఫ్రైయర్ల పడుతది.”

“దుకాన్ల కేకు దొరకదా?”

“దొరుకుతది. దుకాన్ల కొన్న కేకుతోని నీ మేనల్లునికి పెండ్లి కాదు.”

ఆ ఆఖరి మాటకు నేను గుండీలు గ్లాసులో పోసి డబ్బా ఇచ్చేశాను.

ఆ రోజుల్లో నాకు ప్రతిదానికీ కాదనడమే అలవాటు. కాదంటే ఖర్చు ఉండదు కదా. ఎవరికైనా చిన్నతనం చిన్నప్పుడే వస్తుంది. నాకు అప్పుడు రాలేదు. రెండో తరగతిలో బడి మానిపించి బీడీల చాట ఒళ్ళో పెట్టారు. తలెత్తి చూసేసరికి నా పెళ్ళి, మళ్ళీ తలెత్తేసరికి నా కొడుకు పెళ్ళి. అల్లరి చేయడం, కడుపు పట్టుకుని నవ్వడం, పెద్దవాళ్ళు చూస్తే తిడతారేమోనని భయపడడం, ఇవన్నీ నేను మనవరాలు పుట్టాక ఖతర్‌లో చేశాను. అందుకే నా చిన్ననాటి ముచ్చట చెప్పమంటే ఐన్ ఖాలిద్‌లో జరిగింది చెబుతాను. (మా ఊళ్ళో వాళ్ళు నేను దుబాయ్ పోయి వచ్చానంటారు. మొదట్లో దిద్దేదాన్ని. ఊరికే నోరు నొప్పి దేనికని మానేశాను.) మనవరాలు అక్షరాలు దిద్దుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ మళ్ళీ దిద్దుకున్నాను కాబట్టి ఈమాత్రం రాయగలుగుతున్నాను. ఇప్పుడు మా ఇద్దరిదీ ఒకటే చదువు.

ప్రపంచ కప్పు ఆటలు ఇంకా రాలేదు కానీ, వాటికోసం ఊరంతా తవ్వి పోసి ఉండేది. పొద్దున ఉన్న రోడ్డు సాయంత్రానికి ఉండేది కాదు. నా కొడుకు స్టేడియం కట్టే సైటులో రిగ్గర్. అంటే పైకి లేపాల్సిన ఇనుప దూలాలకు తాళ్ళు బిగించి, కింద నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. ఆ సైగలు చూసి ఆకాశంలో కూర్చుని క్రేన్ నడిపేవాడు నా తమ్ముడి కొడుకు, నాకు మేనల్లుడు. సైటులో అందరూ వాణ్ణి క్రేనోడు అనేవారు, నేనూ అలాగే రాస్తాను. నా కొడుకు చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే వాడు లేపుతాడు. అరచెయ్యి బోర్లా చాపి ఊపితే ఆపుతాడు. (ఇంట్లో నేను ఇన్నేళ్ళు గొంతు చించుకున్నా వినని ఇద్దరూ అక్కడ వేలికి వింటారు.)

మేం ఉండేది ఒక పెద్ద విల్లాను మధ్యలో గోడలు పెట్టి ముక్కలు చేసిన దాంట్లో. ఒక గది, వంటిల్లు అని పిలుచుకునే ఒక సందు. గ్యాస్ బండ పెట్టవద్దని ఇల్లు గలాయన చెప్పాడు కాబట్టి ఒక్కటే కరెంటు పొయ్యి. సూపర్‌మార్కెట్ కూపన్లలో కోడలికి ఎయిర్ ఫ్రైయర్ తగిలితే నేను విప్పనివ్వలేదు. ఎవరి పెళ్ళిలోనైనా చదివించవచ్చు కదా అని అట్టపెట్టెతో సహా మంచం కింద పెట్టించాను. చివరికి అది పెళ్ళికే పనికొచ్చింది కానీ, నేను అనుకున్న దారిలో కాదు.

అప్పుడు మేం క్రేనోడికి పిల్లను చూస్తున్నాం. మా జిల్లా పిల్లే, అక్కడే ఖతర్‌లో ఆసుపత్రి నర్సు. ఫోటోలు చూసుకున్నారు, ఫోన్లో మాట్లాడుకోమన్నాం. ఆ మాటల్లో వీడు “నీకేమిష్టం” అని అడగడం, ఆ పిల్ల చీజ్‌కేక్ అనడం, వీడు “గదెంత పని, నేనే చేసి పెడ్త” అనడం జరిగిపోయాయి. వాడు బిర్కత్ అల్ అవామిర్‌లో పనివాళ్ళ క్యాంపులో ఉండి మెస్సు అన్నం తినేవాడు. గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. శుక్రవారం సెలవు కదా, పొద్దున్నే దొంగలా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“‘చేస్త అనెటోల్లను మస్తుమందిని చూసిన. చేసి పెట్టు, అప్పుడు నా మాట చెప్త’ అన్నది అత్తా.”

“నీకొస్తదా?”

“చీజ్‌కేకా? నేను చూడనే చూడలే.”

“మరెందుకన్నవుర?”

“నోటికొచ్చింది అత్తా. అంత మంచిగ మాట్లాడుతుంటె రాదని ఎట్లంట?”

వాడి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. అంతకుముందు రెండు సంబంధాలు, పిల్లాడు ఉలకడు పలకడని తప్పిపోయాయి. ఒక ఆడపిల్లతో వాడు నోరు విప్పి మాట్లాడటం అదే మొదలు. నచ్చిందని వాడు చెప్పనక్కర్లేదు, ఆ రోజు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

మామూలుగా అయితే పిల్లను చూడటానికి మనమే పోవాలి. కానీ ఆ పిల్ల ఉండేది ఆసుపత్రి హాస్టల్లో, మగవాళ్ళను గేటు దాటనివ్వరు. అక్కడ ఆమెకు పెద్దదిక్కు వాళ్ళ పెద్దబాపు, అంటే తండ్రికి అన్న. ఆయన ఉమ్ సలాల్‌లో ఒక తోటలో డ్రైవరు, ఆయన గది పక్కన మేకల కొట్టం. అందుకని వాళ్ళే మా ఇంటికి సాయంత్రం వస్తామన్నారు. మా వైపు ఒక పద్ధతి ఉంది. పిల్లా పిల్లాడూ నచ్చితే పెద్దమనుషులు నోట్లో తీపి వేసుకుంటారు, మాట ఖాయమైనట్టు. నచ్చకపోతే చాయ్ తాగి లేస్తారు, తీపి ముట్టరు. నోటితో కాదనే బాధ ఎవరికీ ఉండదు. ఆ రోజు ఆ తీపి చీజ్‌కేకే కావాలి, క్రేనోడి చేత్తోనే కావాలి. అదీ మా మీద పడ్డ పిడుగు.

కోడలు రెండు పెట్టెల చీజ్ కావాలంది. నేను ఒకటి చాలన్నాను. రెండో దాని బదులు ఇంట్లో పెరుగు గుడ్డలో మూటకట్టి కుళాయికి వేలాడదీశాను. చక్కెర కూడా నేనే కొలిచాను. కొలిచింది కొంచెం మళ్ళీ డబ్బాలో పోశాను. గుడ్డు దగ్గర పెద్ద పేచీ వచ్చింది.

“ఖాయం చేస్కునే తీపిల గుడ్డెట్ల ఏస్తరే?” అన్నాను.

“గుడ్డు లేకుంటే నిలబడదు అత్తమ్మా.”

“శుభమని చేసుకుంట నీసు పెడ్తమా?”

నా కొడుకు మంచం మీద పసి మనవరాలిని జోకొడుతూ అక్కడి నుంచే అన్నాడు: “పెండ్లిల యాట కోస్తలేమా అమ్మా? గుడ్డు దానికంటె చిన్నదే గదా.”

అందులో న్యాయం ఉంది. గుడ్డుకు ఒప్పుకున్నాను. కానీ ఒక్కటి మాత్రం పట్టుబట్టాను. ఖాయం చేసుకునే తీపిని ముందే ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలి అవుతుంది. గరిటె నాకబోయిన నా కొడుకు చేతి మీద చపాతీ కర్రతో ఒకటి వేశాను.

ఇక క్రేనోడు. ఇనుప దూలాన్ని దూదిపింజలా దించేవాడు గుడ్డును గిన్నె అంచుకు పిడుగులా దించాడు. సగం గిన్నెలో, సగం నా పాదం మీద పడింది. రెండోది మొత్తం నేల మీద పడింది. మూడోది తీసుకుని, కళ్ళు చిన్నవి చేసి, గిన్నె చుట్టూ గాలిలో రెండు చుట్లు తిప్పి, మెల్లగా దించి, తాకీ తాకనట్టు తాకించాడు. గుడ్డుకు ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దించాడు. కోడలు గోడకు ఆనుకుని జారి కూర్చుంది, నవ్వుతో ఊపిరి ఆడక. నేను పళ్ళు బిగించి బిస్కెట్లు పొడి కొడుతున్నాను. అత్తగారిని కదా, నవ్వకూడదు.

ఎట్లా చేయాలో ఫోన్లో ఒకామె చూపిస్తోంది. ఏ భాషో మాకు తెలియదు, చేతులు మాత్రమే కనబడతాయి. ఆమె కలిపితే మేం ఆపి కలిపేవాళ్ళం, ఆమె పోస్తే మేం ఆపి పోసేవాళ్ళం. బిస్కెట్ల పొడి వెన్నతో కలిపి డబ్బా అడుగున ఒత్తాం, పైన చీజ్ పోశాం. ఆ డబ్బా ఒకప్పుడు ఎవరో పండక్కి ఇచ్చిన ఖర్జూరం బిస్కెట్లది. కొలత ఇచ్చి చేయించినట్టు ఫ్రైయర్‌లో దిగబోతోంది. అప్పుడు నా కొడుకు లేచి అరచెయ్యి బోర్లా చాపి ఊపాడు. అందరం ఆగిపోయాం.

“దించుడు సరే, మల్ల లేపుడెట్ల? పక్కలకు వేలు పట్టే జాగ లేదు. బెల్టులెయ్యకుంట బరువు దించనియ్య.”

రిగ్గర్ కదా. రొట్టెలు చుట్టే వెండి కాగితం నాలుగు మడతలు పెట్టి రెండు బెల్టులు చేశాడు. డబ్బా కింద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేసి, కొసలు పైకి వదిలాడు. పని చేసేటప్పుడు నా కొడుకు ముఖం ఎట్లా ఉంటుందో నేను అప్పుడే చూశాను. నేను కన్నవాడు కాదేమో, ఎవరో పెద్ద మేస్త్రీ అనిపించింది.

ఫ్రైయర్ చిన్న విమానంలా హోరుమంది. నేను దాని నుదుటి మీద పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను. అది టింగుమనేదాకా అందరం దాని ఎదుటే కూర్చున్నాం. తెరిచి చూస్తే పైన లేత బంగారు రంగు తిరిగి, నడుమ కొంచెం ఉబ్బి, ముచ్చటగా ఉంది. ఇప్పుడు లేపాలి. క్రేనోడు ముందుకొచ్చి, కాసేపు చూసి, వెనక్కి పోయాడు.

“కింద నిలబడి నాకు రాదు అత్తా. పైకెళ్ళి చూడాలె.”

స్టూలు తెచ్చి వేశాం. వాడు ఎక్కాడు. బెల్టుల కొసల్లోంచి నా చపాతీ కర్ర దూర్చి, రెండు చేతులా పట్టుకున్నాడు. నా కొడుకు ఎదురుగా నిలబడి, “బరువు కింద ఎవలుండొద్దు, పక్కకు జరుగుండ్రి” అని మమ్మల్ని గోడకు తరిమాడు. తర్వాత చూపుడు వేలు పైకెత్తి మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. డబ్బా లేచింది. వేలు తిరుగుతోంది, డబ్బా లేస్తోంది, వంటింటి సందులో మా తలలూ దానితోపాటే లేస్తున్నాయి. చెయ్యి పక్కకు చూపించాడు, డబ్బా పక్కకు తిరిగింది. సరిగ్గా నడి గాలిలో ఒక బెల్టు చిరిగింది.

“బావా,” అన్నాడు క్రేనోడు స్టూలు మీద నుంచి.

నా కొడుకు అరచెయ్యి చాపి ఊపుతున్నాడు, ఆపమని. పైనవాడు ఆపే ఉన్నాడు, కానీ డబ్బాకు సైగలు తెలియవు కదా. అది ఒక పక్కకు వంగుతోంది. నేనేం చేశానో నాకే తెలియదు. గోడ దగ్గర నుంచి ఒక్క దూకు దూకి, కొంగు చేతికి చుట్టుకుని, డబ్బా కింద చెయ్యి పెట్టాను. చుర్రుమంది. “దింపుర, దింపు, నా చెయ్యి కేకైతున్నది” అని అరిచాను. బరువు కింద నిలబడవద్దని నా కొడుకు అరిచాడు. దింపాలంటే సైగ కావాలని పైనవాడు అరిచాడు. నా కొడుకు వేలు కిందికి తిప్పాడు. డబ్బా, నేను, చపాతీ కర్ర, అందరం కలిసి వంటగట్టు మీదికి దిగాం. తర్వాత నాకు నవ్వొచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఇన్నేళ్ళు ఎక్కడ దాగిందో, నేల మీద కూలబడి నవ్వాను. కోడలు నా భుజం మీద తల పెట్టి నవ్వింది. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నా భుజం తాకింది అదే మొదలు. స్టూలు మీద వాడు దిగడం మరిచిపోయి నవ్వుతున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. వీడియో ఆగిపోయింది. ఆ ఫోనులో మిగిలిన ముచ్చట మేం చూడనేలేదు.

పెద్దబాపు. “వదినె, పోయిన వారం ఈడ రోడ్డుండె. ఇప్పుడు గుంత ఉన్నది. మేం గుంత కాడ ఉన్నం.” నా కొడుకు చెప్పులేసుకుని పరుగెత్తాడు. మేం నేల తుడిచి, ముఖాలు కడుక్కుని, కేకును ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టి, చాయ్ పెట్టేసరికి వాళ్ళు వచ్చేశారు. పెద్దబాపు సంచి నిండా తోట దోసకాయలు తెచ్చాడు. నర్సు పిల్ల సన్నగా, చురుగ్గా ఉంది. “దండం అమ్మా” అని, చుట్టూ చూసి, చపాతీ కర్రకు వేలాడుతున్న వెండి కాగితం ముక్కను చూసి, ఏమీ అడగకుండా కూర్చుంది. చాయ్ అయింది. పెద్దబాపు క్రేనోణ్ణి డ్యూటీ గురించి అడిగాడు, కంపెనీ గురించి అడిగాడు. వాడు ఒకదానికి అవునని, ఒకదానికి కాదని, మిగతావాటికి నా వైపు చూసి బదులు చెప్పాడు. ఇక లాభం లేదని నేను కోడలికి కనుసైగ చేశాను. కోడలు కేకు తెచ్చి నడుమ పెట్టింది.

పెట్టగానే అది గజగజ వణికింది.

“గిదేంది వదినె, వణుకుతున్నది?” అన్నాడు పెద్దబాపు.

“ఏసీకి” అన్నాడు నా కొడుకు.

కోడలు కత్తి ఎత్తింది. నర్సు పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత, జ్వరం వచ్చినవాళ్ళ నుదురు చూసినట్టు, వేళ్ళ వెనక వైపు డబ్బాకు ఆనించి కాసేపు ఉంచింది.

“ఇంక వేడిగనే ఉన్నది. దీన్ని ఇప్పుడు కొయ్యొద్దు. రాత్రంత ఫ్రిజ్ల ఉండాలె, అప్పుడు గట్టిపడుతది. మీరు చూడలేదా?”

క్రేనోడు ఆగిపోయిన వీడియో ఉన్న ఫోను వైపు చూశాడు. నేను లేచి చక్కెర డబ్బా తెచ్చాను. “కేకు పోతె పోనీ అన్నా. చక్కెరన్న నోట్లె ఏస్కో. తీపి తీపే గదా.” పెద్దబాపు పిల్ల ముఖం చూశాడు. పిల్ల క్రేనోడి ముఖం చూసింది.

“చక్కెర ఈయన చెయ్యలే గదా పెద్దబాపు,” అంది.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. నైట్ డ్యూటీ ఉందట పిల్లకు, ఆసుపత్రి బస్సు దొరకాలట. గుమ్మం దగ్గర ఆ పిల్ల నాతో అన్నది ఒక్కటే మాట: “ఫ్రిజ్ల పెట్టుండ్రి అమ్మా.”

ఆ ఒక్క మాటను మేం తలా ఒక రకంగా నమిలాం. మళ్ళీ వస్తుందని కోడలు. మర్యాదకు అన్నదని నా కొడుకు. క్రేనోడు మాత్రం, “చాయ్ తాగి లేసిండ్రు. తీపి ముట్టలే. అయిపాయె” అని చెప్పులేసుకున్నాడు. తెల్లారితే వాడికి డ్యూటీ. పైన క్రేన్ గదిలో ఫోను ముట్టకూడదు. నా కొడుకు వాణ్ణి గేటు దాకా సాగనంపుతూ అన్నాడు: “బామ్మర్దీ, ఆమె వచ్చి తిన్నదనుకో, నేను కింద నుంచి వేలు తిప్పుత. రాకపోతే...”

“రాకపోతే ఏం చూపియ్యకు బావా. నేను తెలుసుకుంట.”

ఆ ఇంట్లో నేను పడుకునే ముందు అన్ని స్విచ్చులూ ఆపేదాన్ని. ఫ్రిజ్‌తో సహా. (తలుపు తీయకపోతే పొద్దుటిదాకా చల్లదనం ఎక్కడికీ పోదు.) ఆ రోజు కోడలు నన్నొకసారి చూసి, ఫ్రిజ్ స్విచ్ మీద దెబ్బకు వేసే పట్టీ అంటించింది. ఎందుకైనా మంచిదని దాని మీద ఇంకొక పట్టీ నేనే అంటించాను.

ఆ ఆటలు వచ్చాయి, పోయాయి. క్రేన్లు దించేశారు. నేను ఊరికి తిరిగొచ్చి మళ్ళీ పెద్దదాన్నైపోయాను. అన్నిటికీ కాదంటాను, స్విచ్చులు ఆపుతాను. అప్పుడప్పుడు మాత్రం, కొంగు చేతికి చుట్టుకుని గాలిలో ఊగుతున్న కేకు కిందికి దూకిన ఆ మనిషి గుర్తొస్తుంది. ఎంత తెలివి తక్కువది, చెయ్యి కాలుతుందని తెలియదా అనుకుంటాను. అనుకుంటూ నవ్వుకుంటాను. ఆమె మళ్ళీ ఒకసారి మా ఇంటికి వస్తే బాగుండును. చాయ్ పోస్తాను, చక్కెర కొలవకుండా.

ఆ కేకు చేసిన మరునాడు పొద్దున ఏం జరిగిందంటే, తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే నర్సు పిల్ల, డ్యూటీ బట్టల్లోనే, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్ళతో. “అత్తమ్మా, గట్టిపడ్డదా?” అంది. ముందురోజు అమ్మా అన్న పిల్ల. నేను ఫ్రిజ్ తీసి డబ్బా ఇచ్చాను. అది వణకలేదు. ఆమె తనే కోసుకుని, అక్కడే నిలబడి, ఒక ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా తిన్నది. “చక్కెర తక్కువైంది” అన్నది. ఇంకొక ముక్క కోసుకున్నది. పెద్దబాపుకు ఒక ముక్క వేరే డబ్బాలో కట్టించుకుని హాస్టల్‌కు పోయింది. నేను కొడుక్కి ఫోన్ చేసి “తిన్నది” అని ఒక్క మాట చెప్పి పెట్టేశాను. అక్కడ వాడు సైటు నడుమ నిలబడి వేలు పైకెత్తి తిప్పాడట. కొక్కేనికి బరువేమీ లేదు. ఖాళీ కొక్కెం పైకి, పైపైకి పోయిందట, క్రేన్ హారన్ ఆగకుండా మోగిందట, ఫోర్‌మన్ వచ్చి ఇద్దరినీ తిట్టాడట. ఇక్కడ కోడలూ నేనూ మిగిలిన ముక్క చెరి సగం తిన్నాం. తర్వాత నేను డబ్బా కడిగి, తుడిచి, సూదులూ దారాలూ గుండీలూ మళ్ళీ అందులో పెట్టుకున్నాను.